పన్నెండు నిమిషాల ఎరుపు

దీవెన ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకోబోతుంటే నడుముకున్న కబురుపెట్టె అరిచింది. తొమ్మిదో వీధి, నలభై ఒకటో ఇల్లు, ఎరుపు. ముక్క పళ్ళెంలో పడేసి లేచి పరిగెత్తింది. కాపుదల కేంద్రంలో ఆమె కొలువు పేరే పరుగుమనిషి. గాజు ఎర్రబడ్డ నాలుగు నిమిషాల్లో ఆ ఇంటి గుమ్మం తొక్కాలి. పదేళ్ళ కొలువులో దీవెన ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు.

సముద్రం పాత బందరు ఒడ్డును మింగేశాక కట్టిన ఎత్తుగడ్డ కాలనీలో పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతి ఆడపిల్ల ఎడమ చేతికీ నాడిగాజు వేస్తారు. అది నాడి వింటుంది, చెమట చూస్తుంది, ఊపిరి లెక్కపెడుతుంది. మనిషి బాగుంటే పచ్చగా మెరుస్తుంది. మామూలు తప్పితే ఎర్రబడి మోగుతుంది. వీధి మొదట్లో ఉన్న వీధిపలక మీద ఆ ఇంటి నంబరు కూడా ఎర్రబడుతుంది. ఇక పక్కింటి తలుపు తట్టే పనేముంది? ఇరవై ఏళ్ళ క్రితమే మానేశారు. పొద్దున్నే పలక చూసుకుని, పచ్చగా ఉంటే ఎవరి పనికి వాళ్ళు పోతారు.

ఆ రోజు కూడా పలక కింద ఏడెనిమిది మంది ఆడవాళ్ళు నిలబడి చూస్తున్నారు. వీధి సంఘం అధ్యక్షుడి భార్య రత్నమాల ముందుంది.

"వచ్చావా తల్లీ! ఏడేళ్ళుగా పచ్చవీధి పతకం మాదే. ఇవాళ ఈ నాంచారి మసి పూసింది," అంది.

"లోపలికి ఎవరన్నా వెళ్ళారా?"

"మేమెందుకు వెళ్తాం? ప్రభుత్వం నీకు జీతమిచ్చేది దేనికి?"

దీవెన ఆమెని దాటుకుని పరిగెత్తింది. నలభై ఒకటో ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. అంత పొద్దెక్కాక, అందరూ చూస్తుండగా, వాకిలి తీసి ఉన్న ఇల్లు ఆ వీధిలో అదొక్కటే. లోపల చాప మీద నాంచారి పడి ఉంది. వెల్లకిలా, చేతులు రెండూ చాపుకుని, నోరు కొంచెం తెరుచుకుని. ఎడమ చేతి గాజు ఎర్రగా మెరుస్తూ చెవులు చిల్లులు పడేలా మోగుతోంది.

దీవెన చాప దగ్గరికి ఉరికింది. ఏం మింగిందో అనుకుంది. మోకాళ్ళ మీద పడి భుజం పట్టి కుదిపింది. "అమ్మా! నాంచారమ్మా!"

నాంచారి కళ్ళు తెరిచింది. తెరుస్తూనే రెండు మోచేతులూ తలకి అడ్డం పెట్టుకుని గోడ వైపు ముడుచుకుపోయింది.

అదే క్షణంలో మోత ఆగింది. గాజు పచ్చబడింది.

దీవెన ఆ గాజు వంకే చూస్తూ ఉండిపోయింది.

"నువ్వా," అంది నాంచారి చేతులు దించి. "నిద్రపట్టేసింది అక్కా. ఆయన సోమవారం రేవు పనికి నిజాంపట్నం వెళ్ళాడు. మొదటి రెండు రోజులూ కునుకు పట్టలేదు. ఇవాళ తలుపు తీసిపెట్టి పడుకుంటే గాలి తగిలి..." ఆమె ఆగిపోయింది. "ఇది మోగిందా?"

"మోగింది."

"అయితే ఆయనకి కబురెళ్ళిపోయిందా?"

వెళ్ళిపోయింది. గాజు మోగగానే మొదటి బంధువుకి కబురు దానంతటదే వెళ్తుంది. పెళ్ళైన ఆడదానికి మొదటి బంధువు మొగుడు. అది పెట్టిన పెద్దమనుషులకి అంతకంటే తట్టలేదు. తీరబండి ఎక్కితే నిజాంపట్నం నుంచి ముప్పావుగంట.

"తలుపు తీసి పడుకున్నానని చూశారు కదా అందరూ," అంది నాంచారి. గొంతులో ఏడుపు లేదు. రేపటి పనులు లెక్కపెట్టుకుంటున్నట్టు ఉంది. "పోయినసారి కిటికీ తీసినందుకే ఇది." చీర కుచ్చెళ్ళు పక్కకి తీసి తొడ చూపించింది. దీవెన చూసి తల తిప్పుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పెళ్ళైన మూడో రోజు నుంచి. పదకొండేళ్ళు."

పదకొండేళ్ళూ గాజు పచ్చగానే ఉంది.

ఎందుకుందో దీవెనకి అప్పుడు తెలిసింది. నాడిగాజుకి మంచీ చెడూ తెలియదు. దానికి తెలిసిందల్లా మామూలు గీత. వేసిన మొదటి నలభై రోజుల్లో ఆ మనిషి నాడి ఎలా కొట్టుకుంటే అదే ఆమె మామూలని గీత గీసుకుంటుంది. గీతకి పైకి పోయినా కిందికి పోయినా మోగుతుంది. మొదట్లో కొత్త పెళ్ళికూతుళ్ళందరి గాజులూ అత్తవారింట్లో తెగ మోగేవి. అత్తలు అలిగారు. మామలు ఆఫీసుల మీద పడ్డారు. కొత్త చోటు, కొత్త మనుషులు, పిల్ల బెదిరిందంతే, దానికి మా పరువు తీస్తారా అన్నారు. సరేనని పెళ్ళయ్యాక గీత మళ్ళీ మొదటి నుంచి గీసేలా మార్చారు, అత్తవారింట్లో, మొదటి నలభై రోజులు. మూడో రోజు నుంచి తన్నులు తింటే తన్నులే గీత. ఒకసారి గీసింది చెరపడానికి లేదు.

ఎస్తేరు గాజు కూడా అలాగే మోగింది.

ఎస్తేరు దీవెన చెల్లెలు. నాన్న పోయినప్పుడు మూడు రోజులు పుట్టింట్లో ఉంది. ఆ మూడు రోజులూ నిద్రపోతూనే ఉంది, కన్ను మూతపడ్డప్పుడల్లా గాజు మోగేది. చావింట్లో ఆ మోతేంటని అందరూ విసుక్కున్నారు. అప్పుడే కొలువులో చేరిన దీవెన మోగిన వెంటనే తన చేత్తో మౌనతాళం వేసి మోత ఆపింది. ఆ తాళం పడితే ఎరుపు కూడా లెక్కకి రాదు. "మొగుడు పక్కన లేకపోతే నీ గుండె కూడా కొట్టుకోవట్లేదే!" అని వేళాకోళం చేసింది. అందరూ నవ్వారు. ఎస్తేరు కూడా నవ్వింది. నాలుగో రోజు బండెక్కించి పంపారు. ఆరు నెలలకి స్నానాలగదిలో జారిపడి పోయిందని కబురొచ్చింది. తొమ్మిదేళ్ళ పచ్చ రికార్డు చూసి కోర్టు ఆ మొగుణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి పంపింది. దీవెన కూడా ఆ రికార్డునే నమ్మింది.

ఆమె కబురుపెట్టె తీసి కేంద్రంతో మాట్లాడింది. అవతల పై అధికారి కేశవరావు గారు. మర్యాద గల మనిషి.

"యంత్రదోషం అని రాయండి దీవెన గారూ. పదకొండేళ్ళ పచ్చ. జిల్లాలోనే అంత పచ్చగా ఉన్న ఇల్లు లేదు."

"ఆమె నోటితో చెబుతోంది సార్. ఒంటి మీద వాతలున్నాయి. ఆసరా ఇంట్లో చేర్చుకోండి."

"నోటిమాట రాయడానికి మన పత్రంలో గడి లేదమ్మా. ఖాయం ఎరుపు ఉండాలి. పన్నెండు నిమిషాలు ఆగకుండా నిలిచిందా, నేను వద్దన్నా బండి బయలుదేరుతుంది, ఆసరా ఇంటి తలుపు తెరుచుకుంటుంది. ఇందాకటిది నాలుగు నిమిషాలే నిలిచింది."

నాలుగు నిమిషాలే. దీవెన అంత వేగంగా పరిగెత్తి లేపకపోయి ఉంటే పన్నెండు అయ్యేవి. ఆమె పరుగే కొంప ముంచింది.

"నాంచారీ, విను. ఆయన వచ్చేలోపు నీ గాజు మళ్ళీ ఎర్రబడాలి. నువ్వు ఇందాకటిలా స్థిమితంగా ఉంటేనే ఎర్రబడుతుంది. భయపడకు."

నాంచారి ఆమె మొహంలోకి చూసి నవ్వింది. "భయపడకూ అంటే ఎలా అక్కా? అదెక్కడ నేర్పుతారు?"

కళ్ళు మూసుకుంది, తెరిచింది. వీధిలో ఏదో బండి హారను కొడితే ఉలిక్కిపడింది. గాజు పచ్చగా, నిక్షేపంగా మెరుస్తోంది. పది నిమిషాలు అలాగే పోయాయి.

దీవెన బయటికొచ్చింది. ఆడవాళ్ళు ఇంకా పలక కిందే ఉన్నారు.

"పచ్చబడిందిగా, ఇంకేంటి?" అంది రత్నమాల.

ఉన్నదున్నట్టు చెప్పేసింది దీవెన. గీత ఎలా గీస్తారో, నాంచారి గాజు ఎందుకు మోగిందో, ఎప్పుడు ఆగిందో. "ఒక్కర్తీ ఉంటే ఆమె గుండె నిమ్మళించదు. వచ్చి కాసేపు కూర్చోండి. అంతే అడుగుతున్నాను."

ఎవరూ కదల్లేదు.

"మొగుడూపెళ్ళాల మధ్యకి మనం పోతే ఏం బాగుంటుంది?" అంది ఒకామె.

"కోటేశు మంచివాడే. ఎదురుపడితే తలెత్తడు," అంది ఇంకొకామె.

"తలెత్తడు గానీ చెయ్యెత్తుతాడు!" అందరి వెనక నుంచి సామ్రాజ్యమ్మ కసిరింది. డెబ్బై దాటిన మనిషి, చంకలో గోంగూర కట్టలున్నాయి. అరవై దాటితే గాజు తీసేస్తారు గనక ఆమె చెయ్యి బోసిగా ఉంది. ముసలిదాన్ని ఎవడూ కొట్టడని సర్కారు నమ్మకం. "మా రోజుల్లో ఏ ఇంట్లో కేక వినబడ్డా రెండు పచ్చిమిరపకాయలున్నాయా వదినా అని పోయి గుమ్మంలో నిలబడేవాళ్ళం. మిరపకాయలెవరిక్కావాలి? వాడి చెయ్యి ఆగాలి. మీకేమో పలకలొచ్చాయి! మెడలు నొప్పెట్టేదాకా దాని వంకే చూడండి."

ఆమె చకచకా నడిచి నలభై ఒకటో ఇంట్లోకి వెళ్ళింది. "ఏమే పిల్లా, పీట ఎక్కడ పెట్టావు? ఈ ఆకు తుంచాలి, నా ఒక్కదాని వల్ల కాదు," అనడం వీధిలోకి వినిపించింది.

కాసేపటికి జైబున్ కదిలింది. పక్కింటామె. తొమ్మిదేళ్ళుగా నాంచారి ఇంటి గోడా ఆమె ఇంటి గోడా ఒకటే. "నాకు వినబడేది," అంది దీవెన పక్కనుంచి పోతూ, తలెత్తకుండా. "వినబడినప్పుడల్లా వెళ్ళి పలక చూసొచ్చేదాన్ని. పచ్చగా ఉండేది." ఆమె వెనక ఇంకో ఇద్దరు. అందరూ పోతుంటే తాను ఒక్కర్తీ నిలబడితే బాగుండదని రత్నమాల కూడా వచ్చింది.

చాప మీద గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో గోంగూర కుప్ప. పక్కపక్కనే ఇళ్ళున్నా ఒకరింట్లో ఒకరు కూర్చుని ఎన్నేళ్ళయిందో.

"కాడలు పారేయకండి, పప్పులో వేసుకుంటాను," అంది సామ్రాజ్యమ్మ.

"కాడలు పప్పులోనా! మీ కోడలు ఎలా తింటుందమ్మా?"

"తినదు. అందుకే వేస్తాను."

జైబున్ నవ్వింది. నాంచారి కూడా నవ్వబోయి తలుపు వైపు చూసింది. సామ్రాజ్యమ్మ పీట జరుపుకుని, ఆ పిల్లకి తలుపు కనబడకుండా అడ్డంగా కూర్చుంది. రొయ్యపొట్టు వేస్తే పులుపు విరుగుతుందా లేదా అని వాదన లేచింది. విరుగుతుందని జైబున్, వాసన మిగులుతుందని రత్నమాల. "మా అమ్మ వేసేది," అంది నాంచారి నెమ్మదిగా. "వేయించి వేసేది." ఆమె వేళ్ళు ఆకు తుంచుతూనే ఉన్నాయి. భుజాలు దిగాయి.

గాజు మోగింది.

ఎవరూ ఉలిక్కిపడలేదు. దీవెన వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలెట్టింది. మూడు నిమిషాలు. ఆరు. ఆ మోతలోనే గట్టిగా మాట్లాడుకుంటున్నారు. తొమ్మిదో నిమిషంలో ఇంకో గాజు మోగింది.

రత్నమాలది.

ఆమె చప్పున కొంగు కప్పుకుంది. "నాది పాడైంది," అంది. "ఎప్పట్నుంచో పాడైంది."

విషయం అందరికీ దీవెన చెప్పే ఉంది. రత్నమాల చేతిలో ఆకు నలిగిపోయింది గానీ గాజు ఆగలేదు. జైబున్ మరో కట్ట విప్పి ఆమె ఒళ్ళో పెట్టింది.

పదకొండో నిమిషంలో గుమ్మం చీకటయింది. కోటేశు. చేతిలో సంచి, మొహం నిండా చెమట.

"ఏంటీ సంత?" అన్నాడు.

నాంచారి వేళ్ళు ఆగాయి. గాజు ఒక్కసారి మినుకుమంది.

సామ్రాజ్యమ్మ వెనక్కి తిరిగి చూడనైనా లేదు. "వెలుతురికి అడ్డం నిలబడ్డావు బాబూ. పక్కకి జరుగు, ఆకు కనబడట్లేదు," అంది.

ఏం తోచిందో గానీ అతను జరిగాడు. ఎండ మళ్ళీ చాప మీద పడింది. సామ్రాజ్యమ్మ నాంచారి మోకాలి మీద చెయ్యి వేసి, "ఊఁ, చెప్పవే. రొయ్యపొట్టు మీ అమ్మ నూనెలో వేయించేదా, ఉత్త బాణలిలోనా?" అంది.

"ఉత్త... ఉత్త బాణలిలోనే," అంది నాంచారి. "నూనె వేస్తే మెత్తబడుతుంది."

ఎరుపు నిలిచింది. పన్నెండు.

బండి మూడు నిమిషాల్లో వచ్చింది. కేశవరావు గారు ఆపినా ఆగేది కాదు. ఇద్దరు కాపలా మనుషులు కోటేశుని గుమ్మం అవతలే నిలబెట్టారు. అతను "పచ్చగా ఉండేది సార్, కావాలంటే చూసుకోండి," అని అందరికీ చెబుతున్నాడు. నాంచారి ఎవరికీ దండం పెట్టలేదు, ఏడవలేదు. బండెక్కి కూర్చోగానే కళ్ళు మూసుకుంది. వీధి మలుపు తిరిగేదాకా ఆ మోత వినబడింది.

లోపల రత్నమాల గాజు ఇంకా మోగుతోంది. ఎనిమిదో నిమిషం.

"ఇంకో నాలుగు కూర్చో వదినా," అంది దీవెన. "నీదీ ఖాయమవుతుంది."

"నాకేమైందని?" రత్నమాల లేచింది. "ఆయనకి కబురెళ్ళుంటుంది. భోజనానికొస్తారు. చిక్కుడుకాయలు తుంచలేదు, పొయ్యి వెలిగించలేదు." చీర దులుపుకుంది. దులుపుకున్నదే దులుపుకుంటోంది.

సామ్రాజ్యమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. "చిక్కుడుకాయలా? పద, అక్కడే తుంచుదాం." జైబున్ లేచింది. మిగతా ఇద్దరూ లేచారు. రత్నమాల వద్దనలేదు, రమ్మననూ లేదు.

ఆరుగురూ వీధిలో నడిచారు. మధ్యలో రత్నమాల, చేతి మీద కప్పిన కొంగు, కింద మోత. ఇళ్ళలోంచి తలలు బయటికొచ్చి చూశాయి. అధ్యక్షుడి ఇల్లు వీధిలోకెల్లా పెద్దది, గేటుకి ఏడు పచ్చవీధి పతకాలున్నాయి. రత్నమాల గేటు తీసింది, మెట్లెక్కింది, గుమ్మంలో కుడికాలు పెట్టింది.

గాజు టక్కున ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం ఆరుగురికీ వినబడింది. రత్నమాల గడప మీద అలాగే నిలబడింది, చేతి మీద కొంగు పచ్చగా మెరుస్తోంది.

"జరుగమ్మా," అంది సామ్రాజ్యమ్మ.

అందరూ లోపలికి వెళ్ళి కింద కూర్చున్నారు. జైబున్ చిక్కుడుకాయల బుట్ట వెతికి తెచ్చి మధ్యలో పెట్టింది. ఈనెలు తీస్తూ, మాట్లాడుకుంటూ, అది మళ్ళీ మోగడం కోసం ఎదురుచూశారు.