తోకకు కట్టిన గవ్వ

రహస్య స్థావరంలో పనిచేసే గుమాస్తాను గురువారం ఎవరో కాల్చి చంపారు. అతని దగ్గరున్న మైక్రోచిప్ మాయమైంది. శనివారం శత్రుముఠా వైర్‌లెస్‌లో ఒక మెసేజ్ దొరికింది: "పూతరేకు రేపు ధవళేశ్వరంలో ఎగిరి గోదాట్లో పడుతుంది. పడవ సిద్ధంగా ఉంచండి."

"పూతరేకు అంటే చిప్," అన్నాడు చీఫ్ గున్నేశ్వరరావు. "రేపు అక్కడ ఏటి ఒడ్డున రేడియో కంట్రోల్ స్కేల్ మోడల్ విమానాల పోటీ. ఇరవై రెండు విమానాలు. ఒకటి నీళ్ళలో పడితే ప్రమాదమనే అనుకుంటారు. చిప్ ఉన్న విమానం పైకి లేవకూడదు. లేచిందా, మన జలాంతర్గాములు ఎక్కడున్నాయో శత్రువుకు తెలిసిపోతుంది."

"గణేష్‌బాబే సార్," అన్నాడు ఏజెంట్ ఉదయ్‌భాస్కర్.

"ఆధారం?"

మోడల్ విమానాలు ఉదయ్ సొంత పిచ్చి. ఆ పోటీలో మూడేళ్ళుగా సెకండ్ ప్రైజ్ అతనిది. ఫస్ట్ ప్రైజ్ మండపేట రైతు గణేష్‌బాబుది.

"నాకు ఆధారం కావాలి. అసూయ కాదు," అన్నాడు చీఫ్. "ముఠాలో ఉన్న హరిచందన కూడా వస్తోంది. డబుల్ ఏజెంట్. మన తరఫునే అంటోంది. అయినా మైదానం దాటి బయటికెళ్ళే ప్రతి ఒక్కరితో పాటు ఆమెనూ సోదా చేయించు."

ఆదివారం ఉదయానికి ఉదయ్ రాజమండ్రి టైల్స్ షాపు ఓనరయ్యాడు. పోటీల్లో అందరికీ అతను అలాగే తెలుసు. కళ్ళద్దాల్లో కెమెరా, చెవిలో ఇయర్‌పీస్. నిర్వాహకుల చేత ఇరవై రెండు విమానాలనూ స్కానర్ కింద పెట్టించాడు. ఏమీ దొరకలేదు.

జడ్జీలు అసలు విమానం ఫోటో పక్కన పెట్టుకుని గణేష్‌బాబు పసుపు బైప్లేన్‌ను చూశారు. రివెట్లతో సహా అచ్చుగుద్దినట్టు దిగిపోయింది. తొంభై ఆరు మార్కులు. ఎనిమిది నెలలు చెమటోడ్చిన తన విమానం ఉదయ్‌కి తిరణాల బొమ్మలా కనిపించింది. కడుపు మండింది. నీలం చీరలో హరిచందన గణేష్‌బాబు పక్కనే నిలబడి నవ్వుతుంటే ఇంకా మండింది.

"ఆయన అమాయకుడండీ. మీరు మిగతావాళ్ళని చూసుకోండి," అంది ఆమె ఇటు వచ్చి.

"అమాయకుడి పక్కన మీకేం పనండీ?"

"ఏం, కుళ్ళా?" అని నవ్వేసి వెళ్ళిపోయింది.

కుళ్ళే. అబద్ధమాడి లాభం లేదు.

గణేష్‌బాబు వంతు వచ్చింది. రెక్కల కింద రెండు వేళ్ళు పెట్టి విమానం ఎత్తి బ్యాలెన్స్ చూసుకున్నాడు. సమంగా నిలిచింది. కింద పెట్టగానే హరిచందన వంగి, నల్లతాడుకు గుచ్చిన పెద్ద గవ్వను తోకచక్రానికి కట్టింది.

"ఇంత ముచ్చటగా ఉంది. దిష్టి తగలకూడదు కదండీ."

గణేష్‌బాబు సిగ్గుపడ్డాడు. ఉదయ్ ఆ గవ్వమీంచి చూపు తిప్పుకోలేకపోయాడు. ఇన్నేళ్ళలో తన విమానానికి ఒక్కరైనా దిష్టితాడు కట్టలేదు.

గణేష్‌బాబు మళ్ళీ ఎత్తి చూశాడు. తోక కిందికి వాలిపోయింది.

"విప్పేయండి," అన్నాడు ఉదయ్.

"అమ్మో, ఆడపిల్ల కట్టిన దిష్టితాడండీ. విప్పితే కీడు కదండీ." గణేష్‌బాబు సీసం బిళ్ళలు తీసి ముక్కుకు అంటించాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అప్పటికి విమానం సమంగా నిలిచింది.

నాలుగు బిళ్ళలంటే ఎనభై గ్రాములు. ఉత్త గవ్వకు అంత తూకం దేనికి? వేరే రోజైతే ఉదయ్‌కి ఈ లెక్క పట్టేది కాదు. ఓర్వలేనితనం అతని చేత బిళ్ళలు లెక్కపెట్టించింది.

"ఒక చెయ్యి వేద్దురూ, తోక పట్టుకోండి," అన్నాడు గణేష్‌బాబు, ఇంజన్ స్టార్ట్ చేస్తూ.

ఉదయ్ తోక పట్టుకుని గొంతు తగ్గించాడు. "చిప్ గవ్వలో ఉంది సార్."

"ఆధారమా, అసూయా?" చీఫ్ గొంతు చెవిలో.

"రెండూ సార్."

ఇంజన్ హోరెత్తింది. జెండా పట్టుకున్నాయన లెక్క మొదలుపెట్టాడు. మూడు. రెండు. ఉదయ్ జేబులోని బ్లేడు తీసి తాడు కోశాడు. ఒకటి. విమానం చేతిలోంచి దూసుకుపోయింది. గవ్వ మిగిలింది.

హరిచందన చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్ళేలోపే చెరకురసం బండి దగ్గరున్న ఇద్దరు మఫ్టీ పోలీసులు ఆమెను పట్టుకున్నారు. గవ్వ పగలగొడితే చిప్ బయటపడింది. పక్కనే బుల్లి జామర్. ఏటి మీదికి వెళ్ళగానే రిమోట్ సిగ్నల్ కోసేసి, విమానాన్ని పడవ ముందు పడేసేది. ఆ పడవ కూడా దొరికింది.

"ఇక్కడ దిష్టితాడు ఎవరూ విప్పరని లెక్క వేశాను," అంది హరిచందన తాపీగా. "మీ కుళ్ళు లెక్కలోకి తీసుకోలేదు."

అంటే గణేష్‌బాబు మీద ప్రేమతో కట్టలేదన్నమాట. దేశం గట్టెక్కినందుకంటే ఉదయ్‌కి ఆ సంగతే ఎక్కువ సంతోషమనిపించింది. ఆ తర్వాత సిగ్గేసింది.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్. ఇంకేమైనా మిగిలిందా?"

ఉదయ్ చేతిలోని సెకండ్ ప్రైజ్ కప్పు వైపు చూసుకున్నాడు. "గణేష్‌బాబు మీద ఒక ఎంక్వయిరీ వేయాలి సార్."

"మళ్ళీనా? దేనికి?"

"ముక్కు మీద ఎనభై గ్రాములు ఎక్కువున్నా ల్యాండింగ్ మరీ మెత్తగా చేశాడు సార్. నాకెందుకో అనుమానంగా ఉంది."