తెరేసమ్మ ముఖం

"నేను బతికే ఉన్నానని మీరు నిరూపించాలండి," అందావిడ, కుర్చీలో కూలబడుతూ.

ప్రైవేటు డిటెక్టివ్ ఉమామహేశ్వరం ఆఫీసు యానాం ఫరంపేటలో ఒక మేడ మీద ఉంది. ఆ పద్నాలుగు మెట్లూ ఆవిడ గోడ పట్టుకుని, మోకాళ్ళని చేత్తో తోసుకుంటూ ఎక్కింది. అసిస్టెంటు రామతులసి పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకుంటే, పట్టుకున్న చోట కాసేపటికే కమిలిపోయింది. పిల్ల బిత్తరపోయింది. ఉమామహేశ్వరం మాత్రం ఆ కమిలిన చోటునే చూస్తూ కూర్చున్నాడు. ఎదుటివాళ్ళు ఏడుస్తున్నా సరే, ముందు చూడాల్సింది చూసి ఆ తర్వాతే మంచినీళ్ళిస్తాడు మహానుభావుడు. రామతులసి ఆయన్ని దేవుడిలా చూసేదీ అందుకే, విసుక్కునేదీ అందుకే.

ఆవిడ పేరు తెరేసా. యాభై ఎనిమిదేళ్ళు. అడవిపొలంలో సొంత ఇల్లుంది. చనిపోయిన అక్క కొడుకు రాయప్పని పెంచి పెద్ద చేసింది ఈవిడే. రెండేళ్ళ కిందట చెల్లెలు ఫిలోమినాకి ఒంట్లో బాగోలేదని తెలిసి, సాయానికి కారైకాల్ వెళ్ళి అక్కడే ఉండిపోయింది. 2006 ఆగస్టులో ఫిలోమినా పోయింది. సరిగ్గా అప్పుడే గోదారి పొంగి యానాం నీళ్ళలో మునగడంతో రాయప్ప రాలేకపోయాడు. సమాధి అయ్యాక తెరేసా అతనికి శవపేటిక దగ్గర తీసిన ఫోటో పంపించింది. అక్టోబరులో ఇంటికి తిరిగొస్తే రాయప్ప గుమ్మంలోనే ఆపేశాడు. నువ్వు ఫిలోమినా పిన్నివి, పోయింది మా తెరేసా పిన్ని, ఇంటి కోసం ఆవిడ పేరు పెట్టుకుని వచ్చావు అన్నాడు.

"మొన్న ఆదివారం చర్చిలో నా ఆత్మశాంతికి పూజ చెప్పించాడండి. వెనక బల్ల మీద కూర్చుని విన్నాను. వాడు వెక్కి వెక్కి ఏడుస్తుంటే కళ్ళు తుడుద్దామని వెళ్ళాను. నా చెయ్యి తోసేశాడు. ఇల్లు ఏమైపోయినా పర్లేదండి, నేను నేనేనని వాడొక్కడు ఒప్పుకుంటే చాలు."

మంచినీళ్ళు రాగానే చేతిసంచిలోంచి కాగితం పొట్లం తీసి, అందులోని పొడి నోట్లో వేసుకుంది. అది రాయప్ప పొడేనట. మోకాళ్ళ నొప్పులకి రెండేళ్ళుగా మూడేసి నెలలకి సరిపడా పార్సిల్ చేసేవాడు. రోజుకొకటి. ఇంకా ఎనిమిది మిగిలాయి. తినేది మాత్రం పిడికెడేనని, అయినా ఒళ్ళు ఇలా ఊరిపోయిందని వాపోయింది. ఉమామహేశ్వరం ఒక పొట్లం అడిగి జేబులో వేసుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే ఉమామహేశ్వరం, రామతులసి అడవిపొలం వెళ్ళారు. రాయప్ప ఒకప్పుడు కాంపౌండరు. డిగ్రీ లేకపోయినా ఊరంతా డాక్టరుగారనే పిలుస్తుంది. మర్యాదస్తుడు. పిన్ని మాట ఎత్తగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. రెండు ఫోటోలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పాతదాంట్లో పుల్లలా సన్నగా ఉన్నది తెరేసా, పక్కన బొద్దుగా ఉన్నది ఫిలోమినా. కారైకాల్ నుంచి వచ్చినదాంట్లో శవపేటికలో ఉన్న మనిషి సన్నగా, పక్కన కూర్చున్న మనిషి లావుగా ఉన్నారు.

"కళ్ళున్నవాడెవడైనా చెప్తాడు కదండీ. మాటంటారా, అక్కచెల్లెళ్ళిద్దరిదీ ఒకటే గొంతు," అన్నాడు రాయప్ప. నిజం చెప్పాలంటే రామతులసికీ అలాగే అనిపించింది.

ఉమామహేశ్వరం భూతద్దం పెట్టి శవం గొంతునీ, పక్కన కూర్చున్నావిడ చేతుల్నీ చాలాసేపు చూశాడు. అడిగినవి రెండే ప్రశ్నలు. గొంతు దగ్గర ఈ వాపు తెరేసాకి ఉండేదా? లేదు. నీ పొడిలో ఏముంది? అది గురువు చెప్పిన మందు, బయటికి చెప్పకూడదు.

వచ్చేటప్పుడు ఆటోలో రామతులసి ఉండబట్టలేక, అయితే అబద్ధం చెప్తున్నది ఆవిడేనా అని అడిగేసింది.

"ఇద్దరూ నిజమే చెప్తున్నారమ్మా. అదే మన చిక్కు."

ఆరో రోజు చర్చి వరండాలో అందరూ చేరారు. ఫాదరుగారు, రాయప్ప, తెరేసా, ఇరుగుపొరుగువాళ్ళు, ఈ మధ్యలో తెరేసాని పరీక్ష చేసిన కాకినాడ డాక్టరమ్మ సాయిదివ్య. ఉమామహేశ్వరం ముందు ఒక కాగితం తీశాడు. ఇల్లు రిజిస్ట్రేషనప్పుడు తెరేసా వేసిన వేలిముద్రా, ఇప్పుడీవిడ వేసిన ముద్రా ఒక్కటేనని నిపుణుడు రాసిచ్చిన కాగితం అది.

"మనిషి లావెక్కినా చిక్కినా వేలిముద్ర మారదు. ఈవిడ తెరేసాగారే."

రాయప్ప ఆ కాగితం తీసుకుని రెండుసార్లు చదివాడు. మరి ఆ ఫోటో ఏమిటండీ అన్నాడు.

ఉమామహేశ్వరం నిదానంగా చెప్పాడు. ఫిలోమినా గొంతులో వాపు థైరాయిడ్ గ్రంథిది. అది అతిగా పనిచేస్తే, ఎంత తిన్నా మనిషి కరిగిపోతుంది, గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి. ఆస్పత్రి కాగితాల్లోనూ అదే రాసి ఉంది. ముదిరేదాకా ఎవరూ కనిపెట్టలేదు, చివరికి గుండె ఆగిపోయింది. బొద్దుమనిషి పుల్లయింది అలాగే. పుల్లలాంటి మనిషి బొద్దయింది ఇంకో హార్మోను వల్ల. మూత్రపిండాల మీదుండే చిన్న గ్రంథులు రోజూ కాస్తంత తయారుచేసుకునే హార్మోను అది. అదే జాతి మందు బయటినుంచి ఏళ్ళ తరబడి ఎక్కువగా పడితే కొవ్వంతా ముఖానికీ మెడకీ పొట్టకీ చేరుతుంది. కాళ్ళూ చేతులూ మాత్రం సన్నబడిపోతాయి, చర్మం ముట్టుకుంటే కమిలిపోతుంది.

"ఫోటోలో ఆవిడ చేతులు చూడు రాయప్పా. తిని లావెక్కిన మనిషివా అవి? ఆ మందు పేరు స్టెరాయిడ్. ల్యాబులో పరీక్ష చేయిస్తే నీ పొట్లంలో దొరికింది. కాదంటావా?"

 రాయప్ప తల వంచుకుని, మాత్రలు తనే నూరి కలిపేవాణ్ణని ఒప్పుకున్నాడు. పిన్ని చర్చికి నడిచి వెళ్ళాలని, అంతేనండి అన్నాడు. అని, తెరేసా బల్ల మీద పెట్టిన మిగతా పొట్లాలు లాక్కుని పారేయబోయాడు. సాయిదివ్య చెయ్యి అడ్డం పెట్టింది. ఒంట్లో గ్రంథులు రెండేళ్ళుగా నిద్రపోతున్నాయి, ఒక్కసారిగా మానిపిస్తే ప్రాణం మీదికొస్తుంది, నేను కొలిచి మందిస్తూ కొద్దికొద్దిగా తగ్గిస్తాను, ముఖం చాలావరకు మామూలవుతుంది కానీ ఏడాది పట్టొచ్చు అని చెప్పింది. ఆ తర్వాత అడిగింది.

"ఈ పొడి ఇంకెంతమందికి ఇస్తున్నారు?"

"నలభైమంది దాకా ఉంటారండి." రాయప్ప పొట్లాలు మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు. "ఇప్పుడు వెళ్ళి చెప్పినా నమ్మరండి. నొప్పి తగ్గింది, ఒళ్ళొచ్చింది అని దణ్ణాలు పెడుతున్నారు నాకు."

తెరేసా బల్ల పట్టుకుని లేచింది. ఏ చేత్తో తనని తోసేశాడో ఆ చేతినే పట్టుకుంది. "పదరా. నా పాత ఫోటో జేబులో పెట్టుకో. నన్ను చూపిస్తే నమ్ముతారు."

ఉమామహేశ్వరం కేసులెన్నో చూసిన రామతులసి, ఆయన ఒక క్లయింటుకి లేచి నిలబడి నమస్కారం పెట్టడం మాత్రం ఆ రోజే చూసింది. ఎందుకు పెట్టారని అడగాల్సిన అవసరం లేకపోయింది.

మొదటి ఇల్లు సుబ్బలక్ష్మిది. ఆవిడ ముఖం కూడా అప్పుడే గుండ్రంగా నిండుతోంది. డాక్టరుగారు వచ్చారని కుర్చీ వేసి, వెంట ఉన్న ఈవిడెవరండీ అని అడిగింది. రాయప్ప కూర్చోలేదు.

"మా తెరేసా పిన్నండి," అన్నాడు. "నా మందు తిని ఇలా అయింది."