వెంట నడిచిన ఎర్రచుక్క

మా బాత్కెన్ ఊరి పొలిమేరలో మూతబడిన ఉన్ని కార్ఖానా ఒకటుంది. చీకటి పడ్డాక అటు ఎవరూ వెళ్ళరు. లోపల అల్బార్స్తి ఉందంటారు. పసుపు జుట్టు విరబోసుకుని, పడుకున్నవాడి గుండెల మీద కూర్చుని ఊపిరి పీల్చేసే ఆడది. ఉన్ని కడిగే తొట్టిలో పడి చచ్చిన పిల్లే అలా అయిందని కొందరు... కాదు, కార్ఖానా కట్టకముందు నుంచే ఉందని కొందరు.

రాత్రిపూట అందులో కాలుపెట్టి వచ్చిన మొనగాడు ఒక్కడే. మా ఆప్రికాట్ల కంపెనీ మేనేజరు ఉలుక్‌బెక్. ఆ సంగతి నాకు చెప్పింది వాడి కారు డ్రైవరు తోక్తోసున్.

ఈ ఉలుక్‌బెక్ రాజధాని బిష్కెక్ నుంచి దిగాడు. హమాలీలతో చెయ్యి కలిపితే వెంటనే తడి కాగితంతో తుడుచుకునే రకం. పండ్లు మోసే నీలం క్రేట్లు తోటలకీ యార్డుకీ మధ్య తిరుగుతూ ఉండాలి కదా, తిరిగి రానివి ఎక్కువవుతున్నాయని ప్రతి క్రేటుకీ కోటు బొత్తామంత బిళ్ళ అంటించాడు. తీగా లేదు, ఏమీ లేదు. దగ్గర్లో కంపెనీ ఫోనుంటే చాలు, ఆ బిళ్ళ దాన్ని పలకరిస్తుంది. క్రేటు ఎక్కడుందో ఫోన్లో ఎర్రచుక్క పడుతుంది.

"యంత్రం అబద్ధమాడదు. ఆడేది మీరే," అన్నాడు అందర్నీ వరసగా నిలబెట్టి.

అయినా క్రేట్లు పోతూనే ఉన్నాయి. పోయిన ప్రతిదాని చుక్కా... ఉన్ని కార్ఖానా దగ్గరికొచ్చి ఆరిపోయేది.

యార్డు కాపలా చూసే ముసలమ్మ జూరాకాన్ ఇల్లు అటువైపే. ఆ మేనేజరుకంతే చాలు, దొంగ ఆమేనన్నాడు.

"బాబూ, పట్టపగలే నేను ఆ గోడ పక్కనుంచి నడవను. రాత్రిళ్ళు నీ డబ్బాలు మోసుకెళ్తానా?" అంది ఆమె.

"దెయ్యాల కథలు నీ మనవళ్ళకి చెప్పుకో ముసలమ్మా. పో బయటికి."

పోయింది. ఆ తర్వాత సంతకెళ్ళే వ్యానులో ఆమె పక్క సీటు ఖాళీగానే ఉండేది. ఎదురింటి పెళ్ళికి వీధంతటినీ పిలిచి, ఆమె గుమ్మం మాత్రం ఎక్కకుండా వెళ్ళిపోయారు. నేనూ ఆ విందు తిన్నాను లెండి.

ఒక రాత్రి ఉలుక్‌బెక్, తోక్తోసున్ కార్లో ఊరు దాటుతుంటే ఫోను కూసింది. ఒక క్రేటు యార్డులోంచి బయటికొచ్చిందట!

"చూశావా? ఉద్యోగం ఊడినా ముసల్దానికి బుద్ధి రాలేదు. నడుపు కార్ఖానాకి. చేతులారా పట్టుకుంటా."

"సార్... ఇప్పుడా?"

"నువ్వు కూడా మగాడివేనా?"

గేటు దగ్గర కారాపారు. గాలి లేదు. కుక్క అరుపు లేదు. ఫోను తెరచి చూస్తే చుక్క అక్కడే ఉంది... సరిగ్గా గేటు దగ్గరే.

చుట్టూ చూశారు. ఏమీ లేదు.

"లోపలికి జారుకుని ఉంటుంది," అని గొణిగి ఉలుక్‌బెక్ ఆవరణలోకి నడిచాడు. చుక్క కూడా కదిలింది. తొట్టి దగ్గరికెళ్ళాడు. చుక్క తొట్టి దగ్గరికొచ్చింది. ఆగాడు... ఆగింది.

"తోక్తోసున్... నా వెనకాల ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు సార్."

"సరిగ్గా చూడు!"

వెనక్కి తిరిగి రెండడుగులు వేశాడు. చుక్క కూడా మెల్లగా వెనక్కి తిరిగింది. తెరమీద వాడున్న చోటు, అదున్న చోటు... ఒకటే.

"నా మీద కూర్చుంది!" అని ఒక్క కేక. గుండెలు పట్టుకుని పరుగు లంకించుకున్నాడు. దారిలో పడ్డాడు, లేచాడు, ఫోను మాత్రం వదల్లేదు వెధవ. ఎంత దూరం పరిగెత్తితే అంత దూరమూ చుక్క వాడితోనే వచ్చింది. కారెక్కితే కారెక్కింది. దారి పొడుగునా వాళ్ళమ్మని పిలుస్తూనే ఉన్నాడట.

తర్వాత జ్వరం. మంచం దిగి చేసిన మొదటి పని ముల్లాని పిలవడం, గొర్రెని కొనడం. యంత్రాలు తప్ప ఇంకేదీ నమ్మనన్నవాడు కార్ఖానా గోడ కింద గొర్రెని కోయించి, అరచేతులు చాచి, అందరికంటే గట్టిగా "ఆమీన్" అన్నాడు. ఊరంతా వచ్చాం. మాంసం కదా. జూరాకాన్ కూడా వచ్చి ఒక చివర నిలబడింది.

"ఆమె తప్పేం లేదు. ఇదంతా ఆ అల్బార్స్తి పనే," అన్నాడు మేనేజరు పెద్ద మనసున్నవాడిలా.



మాంసానికి పళ్ళేలు చాల్లేదు. కార్లో ఏమైనా దొరుకుతాయేమోనని తోక్తోసున్ వెళ్ళి డిక్కీ తెరిచాడు.

కుళ్ళిన పండ్ల కంపు గుప్పుమంది. ఈగలు జుమ్మని లేచాయి. వాటి కింద నీలం క్రేటు. అంచున బొత్తామంత బిళ్ళ... మినుకు మినుకుమంటూ.



"అది... కంపెనీ డైరెక్టరు గారి భార్యకి," అన్నాడు ఉలుక్‌బెక్. "జామ్ చేసుకుంటారని... వారం వారం నేనే..."

తను తీసుకెళ్ళేది కూడా పోయినవాటి లెక్కలోకే వస్తుందని వాడికెప్పుడూ తట్టలేదు. డైరెక్టరు తోట కార్ఖానా దాటాక కొండ మలుపులో ఉంది. అక్కడ సిగ్నలందక ఏ ఫోనూ పలకదు. అందుకే చుక్కలన్నీ ఇక్కడే ఆరిపోయాయి. ఆ బిళ్ళకి తన చోటు తెలిసే తెలివి లేదు. తన మాట విన్న ఫోను ఎక్కడుంటే తానూ అక్కడే అంటుంది. ఆ రాత్రి విన్న ఫోను ఈ పెద్దమనిషి చేతిలోనే ఉంది మరి. ఫోను చేత్తో పట్టుకుని, దాని నుంచే పారిపోయాడు.

ఒకడు కిసుక్కుమన్నాడు. తర్వాత నవ్వు ఆగలేదు. ముల్లా గారు గడ్డం వెనక దాక్కున్నారు.

జూరాకాన్ మాత్రం నవ్వలేదు. నడిచి వెళ్ళి ఆ కంపు క్రేటుని రెండు చేతులా ఎత్తి, తెచ్చి వాడి గుండెలకి ఆనించింది.

"బాబూ, ఇది యార్డుకి చేరాలి. మిగతావన్నీ డైరెక్టరమ్మ గారి తోటలోంచి రావాలి. నువ్వు మోసుకొస్తావా... అల్బార్స్తిని పిలవమంటావా?"