మూడో వాటాలో కొత్త అత్తయ్య

రైతుబజారులో వంకాయలు తూస్తూనే కూరగాయలామె ప్రసూనను గుర్తుపట్టింది.

"మా పెద్దది పుట్టినప్పుడు పురిటి మంచం మీదుండి టీవీలో నిన్నే సూశానమ్మా. నవ్వి నవ్వి కుట్లు లాగీసినాయి. ఇప్పుడు దానికి పెళ్లీడొచ్చీసింది."

ఆ పిల్ల పుట్టేనాటికి ప్రసూన కాలేజీలో నాటకాలు వేసుకుంటోంది. 'మూడో వాటా' హాస్యధారావాహికలో ఆమె చేరి ఆరు నెలలే. ఆ మాట చెబితే నమ్మేవాళ్లెవరు? నవ్వి సంచీ అందుకుంది.

అందులో పాతికేళ్లు కోమలత్తయ్యగా నటించిన అమృతవల్లి నిరుడు పోతే ఆ వేషం ప్రసూనకు వచ్చింది. పూర్వమైతే కొత్త నటిని జనం నాలుగు రోజులు తిట్టుకుని, తర్వాత అలవాటు పడేవారు. ముఖపూరణి వచ్చాక ఆ తిట్ల ముచ్చటా లేదు. పాత నటి ఉన్న చోటల్లా కొత్త నటి ముఖాన్ని, గొంతును ఆ యంత్రం మొదటి భాగం నుంచీ నింపుకొస్తుంది. ఇంటింటి తెరా పాత భాగాలనే తిప్పి తిప్పి చూపిస్తుంటే, జనం జ్ఞాపకం కూడా దాని వెంటే నడిచిపోయింది.

ఆ రోజు అమృతవల్లి సంవత్సరీకం. ఇలాంటివాటికి పిలుపు కోసం చూడకూడదని ప్రసూన పూలు తీసుకుని వాళ్లింటికి వెళ్లింది.

హాల్లో గోడతెర మీద ఫొటో. బొట్టు పెట్టి, చామంతి దండ వేశారు. దండ మధ్య నవ్వుతున్నది ప్రసూన.

ఆమె వరండాలోకి వచ్చి ధారావాహిక తీసే సంస్థ మేనేజరుకు ఫోను చేసింది.

"పూరణికి ఇల్లూ సెట్టూ తేడా తెలియదమ్మా. ఆ ముఖం ఏ తెరలో ఉన్నా నింపేస్తుంది" అన్నాడతను.

"పాతది తిరిగి పెట్టండి."

"నింపిన చోట కింద ఏమీ మిగలదు. అయినా చూసేవాళ్లకే పట్టలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

ఆమె మళ్లీ హాల్లోకి వెళ్లింది. వచ్చినవాళ్లు ఫొటో దగ్గర పూలు వేసి, వెనక్కి తిరిగి, ఎదురుగా ప్రసూనను చూసి తడబడుతున్నారు. దండ తీసేద్దామని ఆమె చెయ్యి చాపింది.

"ఉండనీ అమ్మా. దండ మా ఆవిడదే" అన్నారు అమృతవల్లి భర్త పట్టాభిగారు.

"నాకు తెలియదు బాబాయిగారూ. తెలిసుంటే ఒప్పుకునేదాన్ని కాదు."

"నువ్వేం చేస్తావు? కాగితం ఫొటోలు దాచుకోని తప్పు మాది. ముందు టీవీలోంచి తన ముఖం పోయింది. పోనీలే, గోడ మీద ఉందిగా అనుకున్నాను. పొద్దున దండ పట్టుకొచ్చేసరికి అక్కడా లేదు." ఆయన దండలో ఒరిగిన పువ్వును సరిచేశారు. "కళ్లు మూసుకుంటే వచ్చేది. ఇప్పుడు నువ్వొస్తున్నావు."

ప్రసూనకు ఏడుపొచ్చింది. ఏడ్చే హక్కు తనకుందో లేదో తెలియలేదు.

"ఏమీ అనుకోకపోతే కాసేపు అటు తిరిగి కూర్చుంటావా తల్లీ? కళ్లు మూసుకుని ఇంకోసారి ప్రయత్నిస్తాను" అన్నారాయన.

ఆమె వంటింటి వైపు తిరిగి చాప మీద కూర్చుంది. పూలు ఒళ్లోనే ఉండిపోయాయి. 'కనిపించింది' అని వెనక నుంచి ఆయన అంటారేమోనని, వచ్చినవాళ్లందరూ వెళ్లిపోయేదాకా అటే తిరిగి కూర్చుంది.