తెలుగు బిళ్ళ

నరసరావుపేటలో డిటెక్టివ్ ఆస్మా ఆఫీసు మెట్లెక్కి వచ్చిన ఫిలోమినా కుర్చీలో కూర్చోలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, నిలబడే ఏడ్చింది. దొరల కాలం నాటి హార్విక్ డే స్కూల్లో ఆమె ఆయా.

"బిళ్ళ పోయిందమ్మా. బీరువా తుడిచేది నేనేగా, దొంగని నేనేనంట! రేపు వందేళ్ళ పండగలో పాత పిల్లలకి చూపియ్యాలంట. దొరక్కపోతే పన్లోకి రావొద్దన్నాడు కరస్పాండెంటు."

"ఏం బిళ్ళ?" అన్నాడు అసిస్టెంటు విశాల్.

"ఇత్తడిది బాబూ, గొలుసు కూడా ఇత్తడే. స్కూల్లో ఎవరు తెలుగు మాట్టాడినా మెళ్ళో వేసుకోవాల్సిందే. ఇంకొకళ్ళు తెలుగు మాట్టాడటం చెవులారా వింటే వాళ్ళకి తగిలించాలి. అందాకా తియ్యకూడదు. ఎవురూ నోరు జారకపోతే బీరువాలో ఉంటది."

"మరి నీకు ఇంగ్లీషు వచ్చా?" అడిగింది ఆస్మా.

"ఏడ వస్తదమ్మా! ప్రిన్సిపాల్ గారు కనపడితే మేం చానామందిమి మూగోళ్ళమే. చేతుల్తో సైగలు. కరస్పాండెంటు హనుమంతరావు గారైతే గేటు లోపలికే రాడు. రోడ్డుమీద బండాపి తిడతాడు."

ఆస్మా నవ్వు ఆపుకుంది.

స్కూల్లో బీరువా తాళం చెక్కుచెదరలేదు. ప్రిన్సిపాల్ కృపానందం ఏప్రిల్ ఎండలో కోటు గుండీలన్నీ పెట్టుకుని చెమటలు కక్కుతున్నారు. తెల్లచొక్కా కాలరు వెనక సన్నటి పచ్చటి మరక. అది విశాల్ కూడా చూశాడు, చూసి ఊరుకున్నాడు.

గేటు బయట సోడా తాగుతూ టీచర్ ప్రిస్కిల్లా గొంతు తగ్గించి చెప్పింది. "సోమవారం నుంచీ సారుకి ఏమైందో ఏందో! కిటికీల పక్కన నక్కి నిలబడతారు. పిల్లలు పంపు దగ్గర నీళ్ళు తాగుతున్నా చెవి అటే."

"ఒరేయ్ విశాల్, దొంగ దొరికాడు," అంది ఆస్మా. " అందర్నీ పిలువు. ఆ కరస్పాండెంటును గేటు లోపలికి తెచ్చే పూచీ నాది."

సాయంత్రం హాల్లో అందరూ చేరారు. హనుమంతరావు పెదవులు బిగబట్టి కూర్చున్నాడు. బయటివాళ్ళకు ఆ రూలు లేదు కాబట్టి ఆస్మా హాయిగా తెలుగులోనే మొదలుపెట్టింది.

"తాళం పగల్లేదు. ఎండలో కోటు విప్పరు. చెమటకు ఇత్తడి గొలుసు చిలుమెక్కి కాలరుకు అంటింది. పైగా ఎవరు తెలుగు మాట్లాడతారా అని మూడురోజులుగా పొంచి వింటున్నారు. బిళ్ళ పోలేదండీ, మెళ్ళోనే ఉంది. దించే దారే లేదు. ప్రిన్సిపాల్ గారి ముందు తెలుగు మాట్లాడే మొనగాడేడీ?"

కృపానందం కోటు విప్పారు. గుండెల మీద బిళ్ళ మెరిసింది.

"బల్లి మీద పడింది," అని ఇంగ్లీషులోనే ఒప్పుకున్నారు. "ఓరి నాయనో అన్నాను. గదిలో ఎవరూ లేరు. అయినా రూలు రూలే కదా! పండగలోపు ఎవరో ఒకరు నోరు జారకపోతారా అనుకున్నాను. ఫిలోమినా, క్షమించు."

హనుమంతరావు దిగ్గున లేచాడు. "ఏందయ్యా ఇది! మెళ్ళో పెట్టుకుని నాచేత ఆ మనిషిని తిట్టిస్తావా!"

హాల్లో తలలన్నీ ఒక్కసారిగా ఆయన వైపు తిరిగాయి.

కృపానందం ముఖం వెలిగిపోయింది. బిళ్ళ తీసి, రుమాలుతో తుడిచి, భక్తిగా కరస్పాండెంటు మెళ్ళో వేశారు.

రేపు ఊరంతా చూసే పండగ. హనుమంతరావు గంపెడాశతో ఆయా వైపు తిరిగాడు. "నీ పని నీదేలే ఫిలోమినా. ఏదన్నా ఒక్క మాట అనవే తల్లీ!"

ఫిలోమినా చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో దణ్ణం పెట్టింది.