గండి మీద తీగ

సోమవారం పొద్దున కలీం ఆఫీసుకొచ్చేసరికి వాళ్లమ్మ కారేజీ అతని టేబుల్ మీద ఉంది. మూత తీసి చూశాడు. గిన్నెలన్నీ తళతళలాడుతున్నాయి. ఒక్కదాన్లోనూ చిటికెడు పంచదార లేదు.

గుంటూరులో ఏ ఇల్లాలూ ఒకరింటి గిన్నెను అలా తిరిగి పంపదు. కిందటి వారం వాళ్లమ్మ జానీబీ ఆ కారేజీ నిండా పలావు, సేమ్యా పెట్టుకుని, కొడుకుతో పనిచేసే నసీమాను పెళ్లికి అడగడానికి వాళ్లింటికి వెళ్లింది. "ఆలోచించి చెబుతాం. కారేజీ మేమే పంపుతాం" అన్నాడు నసీమా తండ్రి హుస్సేన్ సాహెబ్. పంపారు, ఖాళీగా.

కలీం తలెత్తాడు. ఎదుటి టేబుల్ దగ్గర నసీమా కంప్యూటర్ వైపే చూస్తోంది. రోజూ ఈపాటికి ఒక దొంగచూపు ఇటు వచ్చేది. ఇవాళ రాలేదు.

"ఇదేంటండీ?"

"మీ కారేజీ. శుభ్రంగా కడిగాను."

"ఖాళీగా ఇచ్చారు."

"నింపడానికి మా ఇంట్లో తప్పుడు లేఅవుట్లు తప్ప ఏం లేవు లెండి."

కలీం కారేజీ మూత పెట్టేశాడు. ఆ దెబ్బ అతనికి తగిలి తీరాల్సిందే.

అది రెండువేల మూడు. వాళ్లు పనిచేసే చెంచురామయ్య గారి చిన్న కంపెనీ, మిర్చి కోల్డ్ స్టోరేజీలకు టెంపరేచర్ బోర్డులు తయారుచేసేది. సర్క్యూట్ కలీం వేస్తాడు. దాన్ని బోర్డు మీద గీతలుగా నసీమా పరుస్తుంది, అదే లేఅవుట్. ప్రత్తిపాడు దారిలో బిగించిన కొత్త బోర్డు మాత్రం, కంప్రెసర్ ఆన్ అయిన ప్రతిసారీ నాలుగు డిగ్రీలను నలభై అని చూపించి సైరన్ మోగిస్తోంది. సరుకు పెట్టిన రైతులు గుండెలు పట్టుకుని పరుగెత్తుకొస్తున్నారు.

"తప్పెవరిది?" అని శనివారం చెంచురామయ్య స్టాఫ్ అందరి ముందూ అరిచాడు.

"లేఅవుట్‌లో ఉంది సార్" అనేశాడు కలీం, తన మీదికి రాకుండా.

"ఏమ్మా, నీకు చేతకాకపోతే ఇంకొకరితో గీయించుకుంటాను" అన్నాడాయన. నసీమా బోర్డు డ్రాయింగు మడిచి సొరుగులో పెట్టేసింది.

సోమవారం మధ్యాహ్నం ఆయనే జీపులో ఇద్దర్నీ కోల్డ్ స్టోరేజీకి తీసుకెళ్లాడు. ఆకాశం మబ్బేసింది. లోపల మిర్చి ఘాటుకి ముగ్గురూ తుమ్మారు. బోర్డు ఊడదీసి నసీమా వెలుతురులో పట్టుకుంది.

"గ్రౌండ్ ప్లేన్ నేను చెప్పినట్టే కోశారుగా?" అన్నాడు కలీం మెల్లగా.

"కోశాను. బోర్డు కింద ఆ రాగిరేకు ఒక్కటిగా ఉంచుదామంటే వద్దన్నది మీరు. సెన్సారు వైపు వేరు, ప్రాసెసర్ వైపు వేరు అన్నారు. నడుమ గండి కొట్టాను."

"ప్రాసెసర్ నాయిస్, ఆ గోల, సెన్సారు వైపు రాకూడదని..."

"మరి సిగ్నల్ అటు వెళ్లాలిగా? దాని గీత గండి మీదుగానే గీశాను. అప్పుడే గట్టిగా అడగాల్సింది. అది నా తప్పు. కానీ చూడండి. వెళ్లిన కరెంటు తిరిగి రావాలి కదా. కింద రేకుంటే గీత కిందే, దాన్ని ఆనుకునే వస్తుంది. ఇక్కడ రేకు లేదు. ఈ మూల దాకా పోయి, రెండు రేకులూ కలిసేచోట దాటి, చుట్టి వస్తోంది. ఆ చుట్టు ఎంత పెద్దదైతే కంప్రెసర్ గోలను అంత ఎక్కువ పట్టుకుంటుంది."

కలీం ఆ గండి పొడవునా వేలితో తడిమి చూశాడు. తర్వాత సోల్డరింగ్ ఐరన్ వేడిచేశాడు.

"తీగ ఎక్కడ పెట్టమంటారు?"

"గీత దాటే చోటే, దాని పక్కనే. దూరంగా పెడితే లాభం లేదు."

ఆమె బోర్డు మీది ఆకుపచ్చ పూత గీకి రాగి బయటపెట్టింది. అతను గండికి అటూ ఇటూ చిన్న తీగ అతికించాడు. బోర్డు బిగించారు. కంప్రెసర్ గుర్రుమంది. అంకె నాలుగు దగ్గరే నిలబడింది.

"అదీ! చూశావా అమ్మాయ్, లేఅవుట్ సరిచేస్తే ఎలా ఉందో!" అన్నాడు చెంచురామయ్య సంబరంగా.

నసీమా తల దించుకుంది. కలీం ఆయన ముందుకొచ్చాడు.

"సార్, తప్పు నాది. గండి కొట్టమంది నేను. ఆవిడ వద్దన్నారు. శనివారం అందరి ముందూ ఆవిడ మీదికి తోసేశాను. రేపు అందరి ముందే ఇది కూడా చెబుతాను."

"ఒరేయ్, ఆ ముక్క శనివారమే ఏడిస్తే ఏం పోయేది?"

"ధైర్యం లేకపోయింది సార్."

ఆయన విసురుగా జీపు వైపు నడిచాడు. ఇంతలో వాన మొదలైంది. బస్తాల మీద పట్టాలు కప్పమని హమాలీలు కేకలు వేసుకుంటున్నారు. చూరు కింద వీళ్లిద్దరే మిగిలారు.

"నాన్న శుక్రవారమే ఒప్పుకున్నారు" అంది నసీమా, వాన వైపు చూస్తూ. "శనివారం నేనే వద్దన్నాను. నాది కాని తప్పు నలుగురిలో నా మీద వేసే మనిషితో కాపురం ఎలాగని భయమేసింది."

"మీరు కావాలని మా అమ్మతో అడిగించిందీ నేనే. పరువు తీసిందీ నేనే. మీరంటే ప్రాణమని ఇప్పుడు చెప్పడానికి కూడా సిగ్గేస్తోంది. ఇంకా భయంగానే ఉందా?"

"ఉంది. కొంచెం తగ్గింది."

వాన జల్లు ఆమె చున్నీ అంచు తడుపుతోంది. ఆమె వెనక్కి జరగలేదు.

"కారేజీ ఎక్కడుంది?"

"టేబుల్ మీదే. అమ్మకెలా చూపించను?"

"చూపించకండి. రేపు మీరు చెప్పాల్సింది చెప్పాక నాకివ్వండి."

మర్నాడు కలీం అందరి ముందూ చెప్పాడు. ఒక్క మాటా మింగలేదు. తర్వాత కారేజీ తీసుకెళ్లి నసీమా టేబుల్ మీద పెట్టాడు.

శుక్రవారం నమాజు అయ్యాక హుస్సేన్ సాహెబ్ జానీబీ గుమ్మంలోకి వచ్చి కారేజీ అందించాడు. ఆ బరువుకి కలీం చేయి కిందికి వంగింది. మూత తీయకుండానే జానీబీ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"మా అమ్మాయి వంటే" అన్నాడు పెద్దాయన. "ఉప్పు తక్కువైతే నలుగురిలో అనకు నాయనా. ఇంట్లో చెప్పు."

"అలాగే మామా" అన్నాడు కలీం, కారేజీని రెండు చేతులా పట్టుకుని.