తిప్పుకున్న ముఖం

చెంచులక్ష్మి కళ్లాపి చల్లి పాలు పొయ్యి మీద పెట్టేసరికి వీధి తలుపు దగ్గర నర్సు గొంతు వినిపించింది.

"కట్టు మార్చాలమ్మా."

అల్లూరు ఆసుపత్రి నుంచి రెండు మైళ్లు నడిచి వచ్చిన కరుణాకుమారి చేతిసంచీతో గడప అవతలే నిలబడింది. ముప్పైయేళ్లుంటాయి. ఎప్పుడో మశూచి పోసి ముఖమంతా గుంటలు పడ్డాయి. ఎడమ కంట్లో పువ్వు వేసింది.

నాలుగు రోజుల క్రితం వడ్లు ఉడకేస్తుంటే గంగాళం ఒరిగి, చెంచులక్ష్మి అత్త వెంకటశేషమ్మకు కుడికాలు మోకాలి కిందంతా కాలిపోయింది. రోజూ కట్టు మార్చకపోతే చీము పడుతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు.

మంచం మీది వెంకటశేషమ్మ గోడవైపు తిరిగింది. "లేస్తూనే ఆ మొహం చూడాలంటే నా వల్లగాదు. ఆ కన్ను పడితే నా పుండు మానేదెప్పటికి? అబ్బయ్యా, డాక్టరుకు చీటీ రాయి. చక్కటి పిల్లలే లేరా ఆసుపత్రిలో?"

కొడుకు జయరామయ్య తల్లి మాట జవదాటని మనిషి. చీటీ రాశాడు. రాసి, ఎవరితో పంపాలా అని ఆలోచించకుండా ఆ నర్సు చేతికే ఇచ్చాడు. కరుణాకుమారి అక్కడే విప్పి చదివింది. మడిచి సంచీలో పెట్టుకుంది. ఆ రోజుకు కట్టు మార్చి వెళ్లిపోయింది. వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చూసిన చెంచులక్ష్మి నోరు మూసుకుని పొయ్యి దగ్గరికి పోయింది.

మర్నాడు లీలావతి అనే నర్సు వచ్చింది. ఇరవై రెండేళ్ల పిల్ల. పచ్చని ఛాయ, జడలో మల్లెపూలు. చెయ్యి మెత్తన, పని శుభ్రం. వెంకటశేషమ్మ మురిసిపోయింది. ఆ మురిపెం రెండు రోజులే. మూడోనాడు జయరామయ్య వేడినీళ్లు తెచ్చి పెడుతూ తొట్రుపడితే ఆ పిల్ల నవ్వింది.

"నవ్వులేంది?" వెంకటశేషమ్మ కస్సుమంది. "నా కాలు చూడ్డానికొచ్చినావా, నా కొడుకును చూడ్డానికొచ్చినావా? ఇంత సోకు చేసుకునేదానికి సంసారపు బుద్ధులు యాడుంటాయి?"

లీలావతి కట్టు పూర్తిచేసి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లింది. మళ్లీ రాలేదు. బండిలో రోగినే తీసుకురమ్మని డాక్టరు కబురు పంపాడు. వెంకటశేషమ్మ ససేమిరా అంది. ఆకుపసరు చాలంది.

కట్టు మార్చడం ఆగిన నాలుగోనాటి ఉదయానికి ఆమె ఒళ్లు కాలిపోతోంది. గదిలోకి పోతే చీము వాసన. జయరామయ్య కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. అది చూసి చెంచులక్ష్మికి ఒళ్లు మండిపోయింది.

"ఒకామె మొహం బాగలేదని పంపిస్తిరి. ఇంకొకామె మొహం బాగుందని పంపిస్తిరి. కట్టు కట్టేది చేతులా, మొహమా?"

"అమ్మ అన్నది కదా అని..." నసిగాడు జయరామయ్య.

"అమ్మ నోటితో అనింది. రాసింది మీ చెయ్యి. పైగా ఆమె చేతికే ఇస్తిరే! ఆమెకు మనసుండదనుకున్నారా?"

"నోరు మూసుకోవే!" మూలుగుతూనే అరిచింది వెంకటశేషమ్మ.

"మూసుకోను అత్తా! ఆ రోజు మూసుకున్నందుకే నీ కాలు ఇట్టా అయింది. ఇప్పుడూ మూసుకుంటే నువ్వు దక్కవు." భర్త వైపు తిరిగింది. "బండి కట్టండి. ఇద్దరం పోయి కరుణాకుమారిని అడగాల."

ఆసుపత్రి వరండాలో జయరామయ్య తల వంచుకుని నిలబడ్డాడు. కరుణాకుమారి ఆయన్ను కూర్చోమనలేదు.

"మీ చీటీ డాక్టరుగారికి ఇవ్వలా. వేరే నర్సును పంపమని నేనే చెప్పినా. అది చదివుంటే ఆయన మీ ఇంటికి ఎవర్నీ పంపడు. నా మూలాన ఒక ముసలామె కాలు చెడకూడదని దాచినా. ఇంత చేస్తే లీలావతికి మీరు చేసింది అదా?" ఆమె సంచీ అందుకుంది. "వస్తా. అయితే ఒక మాట. కట్టు కట్టేటప్పుడు ఆమె గోడవైపు తిరిగితే కుదరదు. నొప్పి ఎంతుందో మొహంలో చూసి తెలుసుకోవాల నేను."

ఇంటికొచ్చి కరుణాకుమారి కట్టు విప్పగానే జయరామయ్య పెరట్లోకి పరుగెత్తాడు. గదిలో వెలుగు చాలక దీపం పట్టుకున్న చెంచులక్ష్మి కూడా ముఖం పక్కకు తిప్పుకుంది. కరుణాకుమారి మాత్రం పుండు మీదికి వంగి, చీము తుడుస్తూ, మధ్యమధ్య తలెత్తి వెంకటశేషమ్మ ముఖం చూస్తోంది. వెంకటశేషమ్మకూ చూడక తప్పలేదు.

"నీకు కంపు కొట్టడంలేదా?" అడిగింది.

"కొడుతుండాదమ్మా."

"మరి మొహం తిప్పుకోవేం?"

"తిప్పుకుంటే పుండు కనపడదు."

"నా కడుపున పుట్టినోడే నిలబడలేకపోయినాడు. ఏ కంపూ లేని నీ మొహం చూసి నేను తిప్పుకుంటినే..." అంటూ వెంకటశేషమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. "నీకు అమ్మవారు ఎప్పుడు పోసింది తల్లీ?"

"అది మీకెందుకమ్మా? జాలి కోసం రాలేదు నేను."

"తప్పయింది. మన్నించు."

కరుణాకుమారి చేతులు ఆగలేదు. "మాట విన్నా. ఈ రోజే మరిచిపోయినానని మాత్రం చెప్పలేను. రేపు ఏడింటికి మళ్లీ వస్తా."

"ఆ పిల్లను కూడా పిలుచుకురా. ఆమెకూ చెప్పుకోవాల."

"రాదు. మీరన్న మాటకు రెండు రోజులు అన్నం ముట్టలేదు ఆ పిల్ల. చెప్పుకోవాలంటే కాలు మానినాక మీరే రండి."

పుండు మానడానికి నెల పట్టింది. ఆ నెలంతా కరుణాకుమారి వచ్చింది. మంచం దిగిన రోజు జయరామయ్య బండి కట్టబోతే వెంకటశేషమ్మ వద్దంది. కోడలి భుజం పట్టుకుని, నాలుగడుగులకోసారి ఆగుతూ, ఆ రెండు మైళ్లూ నడిచింది. వరండాలో మందుసీసాలు కడుగుతున్న లీలావతి ఆమెను చూసి లేచి నిలబడింది, ముఖం అవతలికి తిప్పుకుంది.

"తిప్పుకో తల్లీ," అంది వెంకటశేషమ్మ రొప్పుతూ. "నువ్వు ఇటు చూసేదాకా ఈడే నిలబడతా."